బొబ్బిలి పౌరుషము - విశాఖ రేవు

విశాఖపట్టణమున పాతయూరిలో కోటవీథి యను నొక వీథి గలదు. వీథి మిగిలినది, కోట మిగులలేదు. ఆ కోట యెవరిది, ఎవరి చేతినుండి యెవరి చేతికి మారినది యని ఆ దారిన పోవువారిని ప్రశ్నించినచో తెల్లమొగము వేయుదురేగాని బదులు చెప్పువారు అరుదు. అదే బొబ్బిలి యుద్ధమును గూర్చి అడిగి చూడుడు. కూరగాయలమ్ము అవ్వ మొదలు కళాశాలలో చరిత్ర చెప్పు ఉపాధ్యాయుని వరకు ప్రతివారును రంగారావు పౌరుషమును, తాండ్ర పాపారాయుని ప్రతీకారమును కన్నులార చూచినట్లు వర్ణింతురు. జంగము కథలు పాడినవారును, నాటకములాడినవారును, చలనచిత్రములు తీసినవారును ఆ కథను ఇంటింట నిలిపిరి. రేవు కథను మాత్రము పాడినవారు లేరు.

ఇవి రెండు కథలని మనము తలంచుచున్నాము. కాని ఇది ఒక్కటే కథ. బొబ్బిలి కోటలో రాజుకొన్న మంటయే రెండేండ్లు తిరుగకుండ విశాఖపట్టణపు రేవును పరాధీనము చేసినది. ఆ మంటను రేపిన వారిలో ఒక్కరికైనను రేవుమీద దృష్టి లేకపోవుటయే ఇందలి విశేషము.

ఉత్తర సర్కారులలో ఆనాడు పేరు మోసిన వంశములు రెండు. ఒకటి కృష్ణాతీరమందలి పూసపాడునుండి వచ్చిన పూసపాటి క్షత్రియులది. వారు 1713లో విజయనగరమున కోట కట్టుకొని చికాకోలు సర్కారులో తమను మించినవారు లేరనిపించుకొనిరి. రెండవది రేచర్ల గోత్రీకులైన వెలమదొరలది. వారి మూలపురుషుడు పెద్దరాయడు 17వ శతాబ్దమున షేర్ మహమ్మదుఖానుని వెంట ఈ సీమకు వచ్చెననియు, ఆ ఖానుగారి పేరునకు గౌరవముగా తాను కట్టిన యూరికి పెబ్బులి యని పేరిడగా అది బొబ్బిలియైనదనియు వారి వంశకథ. ఒకరిది క్షత్రియాభిమానము, మరొకరిది వెలమపౌరుషము. ఇరువురకును చికాకోలు ఫౌజుదారే పైయధికారి. ఇరువురి పొలములును ఒకదాని గట్టున ఒకటి.

వైరమునకు కారణమేమి? ఆ కాలపు యుద్ధములను గ్రంథస్థము చేసిన ఆంగ్లచరిత్రకారుడు రాబర్టు ఓర్ము చెప్పిన కారణము మన పల్లెలలో నేటికిని వినబడునదే. వాగునీరు! మీదుగట్టున నున్న బొబ్బిలివారు ఏటికాలువల నీటిని తమ మళ్లకు త్రిప్పుకొనుచుండిరట. క్రిందివారగు విజయనగరమువారికి అది కంటిలో నలుసైనదట. ముందువెనుకల మర్యాదలను గూర్చిన తగవులు, వంశగౌరవపు పట్టుదలలు దీనికి తోడైనవి. గట్టుతగవు కరణము తీర్చవలసినది. ఊరిపెద్దలు కూర్చుండి తీర్చవలసినది. దీనిని తీర్చుటకు పరాసు ఫిరంగులు వచ్చినవి.

ఆ ఫిరంగులు ఊరక రాలేదు. 1753లో నైజాము సలాబతుజంగు ఉత్తర సర్కారులను తన కొలువునందున్న ఫ్రెంచి సైన్యము ఖర్చునకై బుస్సీ దొరకు ధారాదత్తము చేసెను. చికాకోలు ఫౌజుదారు జాఫరలీఖాను ఈ యేర్పాటునకు లొంగలేదు. అతడు చేసిన పనియేమి? నాగపురము మరాటాలను పిలిచెను. వారు వచ్చి సీమను దోచుకొని తమ దారిన తాము పోయిరి. తరువాత విజయనగర ప్రభువు పెద విజయరామరాజు ఫ్రెంచివారితో సంధిచేసికొని చికాకోలు, రాజమహేంద్రవర సర్కారులను తక్కువ శిస్తునకు గుత్తకు పుచ్చుకొనెను. చదువరులు ఈ వరుసను గమనింపవలెను. నైజాము పరాసులను పిలిచెను, ఫౌజుదారు మరాటాలను పిలిచెను, రాజు మరల పరాసులను ఆశ్రయించెను. ఇంటి తగవునకు బయటివానిని పిలుచుట అప్పటికే ఆ సీమలో అలవాటైపోయినది.

1756 చివర బుస్సీ తన సైన్యముతో సర్కారులకు వచ్చినపుడు విజయరామరాజు పదివేల బలగముతో ఎదురేగి కలసికొనెను. బొబ్బిలివారిని అక్కడనుండి లేవదీయవలెనన్నది ఆయన చిరకాల సంకల్పము. అంతలో బొబ్బిలి సీమలోని యడవిదారిన పోవుచున్న బుస్సీ సిపాయిలపై దాడి జరిగినది. అది ఎవరి పని యన్నది వేరుమాట. అడిగినదే తడవుగా చేతికందిన సాకు. రంగారావునకు బుస్సీ ఒక మార్గము చూపెను. పైతృకమైన బొబ్బిలిని విడచి, అంతటి ఆదాయము గల వేరు భూములను పుచ్చుకొనవలెనని. రంగారావు దానిని త్రోసివేసెను. లెక్కలు చూచువానికి ఇది మూర్ఖత. బొబ్బిలివానికి ఇదియే ప్రాణము. ఆయన తిరస్కారమును తప్పుపట్టుటకు మాకు నోరు రాదు.

1757 జనవరి 24వ తేదీన జరిగినది జగద్విదితము. ఫిరంగులు గోడలను పడగొట్టినను లోపలివారు లొంగలేదు. స్త్రీలును బిడ్డలును మంటలకు ఆహుతియైరి. రంగారావు గుండుదెబ్బకు కూలెను. ఒక ముదుసలి రంగారావు పసికుమారుని చేతబట్టుకొని ఫ్రెంచి సేనాని ఎదుట నిలిచెను. మూడవనాటి రాత్రి బొబ్బిలి పక్షమువారు విజయరామరాజు డేరాలో జొరబడి ఆయనను పొడిచి చంపిరి. ఆ దేహముపై 32 పోట్లున్నవని ఓర్ము వ్రాసినాడు. పెద్దాడ మల్లేశము పాటగా పాడినదియు, దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రముగా వ్రాసినదియు ఈ కథనే. ప్రజాగాథ బుస్సీ దివానగు హైదరుజంగును దోషిగా నిలుపును. ఓర్ము నేరమును విజయరామరాజుపై మోపును. నేరస్థుడు ఎవరైనను, ఆ వారము గడచునప్పటికి ఇరువంశముల పెద్దలును నేలకొరగిరి. నిలిచినవాడు బుస్సీ యొక్కడే.

ఇక్కడ మన గాథలు ముగియును. రేవు కథ ఇక్కడనే ఆరంభమగును.

విశాఖపట్టణమున ఇంగ్లీషు కుంఫిణీవారికి 17వ శతాబ్దపు చివరినుండియు ఒక వర్తకశాలయు, దానికొక చిన్నకోటయు ఉండెను. ఈనాటి లోతునీటి రేవు 1933లో గాని తెరువబడలేదు. ఆనాడు ఓడలు దూరమున లంగరు వేయగా పడవలమీద సరకు చేరవేయవలెను. సరకన నేమి? ఈ జిల్లాలోని సాలెలు, దేవాంగులు నేసిన నూలుబట్ట. ప్రక్కన భీమునిపట్టణమున డచ్చివారుండిరి. జమీందారుల కంటికి వీరందరును సముద్రపుటొడ్డున కాపురమున్న కోమట్లు. అవసరమైనపుడు అప్పు పుట్టించుకొనదగినవారు, అంతకు మించి లక్ష్యపెట్టదగినవారు కారు. 1757 జూన్ నెలలో, వంగదేశమున ప్లాసీ యుద్ధము జరిగిన నెలలోనే, బుస్సీ వచ్చి విశాఖపట్టణపు కోటను స్వాధీనము చేసికొనెను. ఇంగ్లీషువారు పెద్దగా పోరాడలేదు. బొబ్బిలిలో లొంగనివారు కాలిపోయిరి. విశాఖలో లొంగినవారు ఇల్లు చేరిరి. తరువాత నూట తొంబదియేండ్లు ఏలినది లొంగినవారే యన్న మాట ఏ జంగమయ్యయు పాడలేదు.

విజయరామరాజు తరువాత గద్దెనెక్కిన ఆనందరాజునకు ఫ్రెంచివారు తనను తక్కువచేసిరని కినుక. పెద్దాయనకిచ్చిన గుత్తలను బుస్సీ తనకు కొనసాగింపలేదు. 1758లో లాలీ దొర బుస్సీని దక్షిణమునకు పిలిపించుకొనగా ఆనందరాజునకు వేళ చిక్కినది. తన బంట్లను పంపి విశాఖపట్టణమునందలి ఫ్రెంచివారిని పట్టుకొని కోటను ఆక్రమించెను.

ఈ ఘట్టమున చదువరులు ఒక్కక్షణము నిలువవలెను. 1758 సెప్టెంబరు నెలలో విశాఖపట్టణపు కోట ఒక తెలుగు ప్రభువు చేతిలో నుండెను. పరాసులు బందీలు, ఇంగ్లీషువారు ఊరిలో లేరు. లాలీ ముట్టడికి వెరచి మదరాసువారు తమ ప్రాణములు తాము దక్కించుకొను చింతలో నుండిరి. సముద్రద్వారము తెరచియున్నది, తాళపుచెవి మన చేతిలోనున్నది. ఆనందరాజు చేసినదేమి? మదరాసునకు వ్రాసెను, వారు మొగము చాటువేయగా కలకత్తాకు వ్రాసెను. కలకత్తా సభవారికి సమ్మతము లేకున్నను క్లైవు పట్టుపట్టి కర్నలు ఫోర్డును 500 మంది తెల్ల సిపాయిలతోను, 2000 మంది నల్ల సిపాయిలతోను పంపెను. 1758 అక్టోబరులో వారు విశాఖపట్టణముననే దిగిరి. కశింకోట కడ విడిసియున్న రాజుగారి దండును కలసికొనిరి. అక్కడ కుదిరినది ఒడంబడిక.

సైన్యపు ఖర్చునకై రాజు నెలకు 50,000 రూపాయలు చెల్లింపవలెనట. కొల్లసొమ్ము చెరిసగమట. గెలిచిన సీమ యంతయు రాజుదేనట. అయితే, సముద్రతీరమందలి రేవుపట్టణములును, నదులు సముద్రమున గలియుచోట నున్న పట్టణములును, వాని చుట్టుపట్ల భూములతోకూడ, కుంఫిణీవారివట!

ఆ చివరి వాక్యము వ్రాసినవాని తెలివిని మేము ఈనాటికిని మెచ్చుకొనకుండ లేకున్నాము. భూమి నీది, తలుపు నాది. పొలము నీది, తూము నాది. ఏటికాలువ తూముకొరకు తలలు నరుకుకొన్న వంశమునకు సముద్రపు తూము తూముగా కనబడలేదు. వారి లెక్కలో సిరి యనగా శిస్తు. శిస్తు యనగా వరిచేను. ఓడలోనికెక్కు బట్టకు నేతగానివద్ద ఒక ధర, సముద్రపుటావల ఒక ధర యుండుననియు, ఆ రెంటి నడిమి వ్యత్యాసమున దండులు పుట్టుననియు ఎవరును వారికి చెప్పలేదు. అడుగవలెనని వారికిని తోచలేదు. ఆనందరాజు ఆ షరతునకు ఒప్పుకొన్నప్పుడు తానేదో గొప్ప బేరము చేసితినని సంతసించియుండును.

తరువాతి సంగతులు వడివడిగా నడచినవి. డిసెంబరులో పిఠాపురము సమీపమున చెందుర్తికడ ఫోర్డు కాన్‌ఫ్లాన్సు సేనను ఓడించెను. ఒప్పుకొన్న సొమ్మునకై ఫోర్డు రాజును పీడించుట, రాజు జాగుచేయుట నెల దాటి సాగినది. 1759 ఏప్రిలులో బందరుకోట పడిపోయినది. కొలదికాలమునకే ఆనందరాజు మరణించెను. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలము ఫర్మానా, 1766లో నైజాముతో సంధి. వీనితో సర్కారులు చాలవరకు కుంఫిణీ పరమైనవి. రేవులు ముందు పోయినవి. నేల వాని వెనుక పోయినది. ఆ వరుస యాదృచ్ఛికము కాదు.

పై శత్రువు పోయిన వంశమున లోశత్రువు పుట్టుట మన చరిత్రలో కొత్తగాదు. ఆనందరాజు తరువాత గద్దెనెక్కిన చిన విజయరామరాజు బాలుడు. పెత్తనము అన్న సీతారామరాజుది. తమ్ముడు పెద్దవాడైన కొలదియు కలహము పెద్దదైనది. ఆ కలహమునకు న్యాయస్థానమేది? ఒకప్పుడు వారి రేవులో అద్దెకుండిన వర్తకుల సభయే. 1778లో మదరాసు గవర్నరు సర్ టామస్ రంబోల్డు జమీందారులందరును మదరాసునకు రావలెనని ఉత్తరువు చేసెను. కట్టుబట్టలతో కాదు, మూటలతో పోవలసిన ప్రయాణమది. సీతారామరాజును దివానుగా అంగీకరింపుమని విజయరామరాజును అక్కడ ఒత్తిడి పెట్టిరి. ఈ వ్యవహారముపై సీమలో గగ్గోలు పుట్టగా 1781లో కుంఫిణీ డైరెక్టర్లు రంబోల్డును పనినుండి తొలగించిరి. రంబోల్డు పోయెను. అన్నదమ్ముల తగవు పోలేదు.

1793లో పేష్కషు బాకీలను చూపి కుంఫిణీవారు విజయనగర జమీనును జప్తుచేసిరి. రాజును బందరుపోయి నెలకు 1200 రూపాయల పింఛనుతో కాలక్షేపము చేయుమనిరి. ఆయన బయలుదేరి, విశాఖ, విజయనగరముల నడుమ పద్మనాభమున ఆగిపోయెను. 1794 జూలై 10వ తేదీ ఉదయమున కర్నలు ప్రెండర్‌గాస్టు సేన ఆయన శిబిరముపై బడెను. గంటసేపైనను పట్టని పోరులో రాజును, ఆయనను విడువని బంధుమిత్రులును నేలగూలిరి. బొబ్బిలిలో రంగారావు చేసిన పనినే, 37 ఏండ్ల తరువాత, బొబ్బిలిని కాల్చిన వంశమువాడు పద్మనాభమున చేసెను. ఒకరు బుస్సీకి లొంగలేదు. మరొకరు కుంఫిణీకి లొంగలేదు. ఇరువురి మరణములును ఒకే తీరువి. పాట మాత్రము బొబ్బిలికే దక్కినది. పద్మనాభము దైవదర్శనమునకు పోవువారిలో ఆ యుద్ధభూమి నెరిగినవారెందరు?

ఆ సంవత్సరముననే జరిగిన మరియొక సంగతిని మేము ముఖ్యముగా చూపదలచితిమి. బొబ్బిలి మంటలలోనుండి బయటపడిన ఆ పసివాడు చిన రంగారావు. విజయనగరమువారి చెరలో ఏండ్లు గడపి, తప్పించుకొని నైజాము సీమలో తలదాచుకొన్నవాడు. అతనిని 1794లో కుంఫిణీవారు రప్పించి బొబ్బిలి జమీను తిరిగి యిచ్చిరి. కొండదొరలను, విజయనగరమువారు అణచియుంచిన చిన్న జమీందారులను వారి వారి సీమలలో మరల ప్రతిష్ఠించిరి. దయయా యిది? న్యాయమా? ఒక కోణమున న్యాయమే. తండ్రి సొత్తు కొడుకునకు వచ్చినది. కాని విజయనగరము తల నరికిన ఏటనే బొబ్బిలి తలమీద పాగా చుట్టుట కేవల న్యాయబుద్ధి యని నమ్మువాడు మిక్కిలి సాధువై యుండవలెను. నాటితో రెండు వంశములును కుంఫిణీ పట్టాలతో బ్రదుకు జమీందారీలైనవి.

దూరదేశపు ఉదాహరణ మొకటి చూపెదను. ఆఫ్రికా తూర్పుతీరమున సోమాలియా దేశపు దక్షిణభాగమున జూబానది సముద్రమున గలియుచోటికి దాపున కిస్మాయో యను రేవుపట్టణ మున్నది. కశింకోట షరతు భాషలో చెప్పవలెనన్న అది రేవుపట్టణమును, నదీముఖమును గూడ. 1991లో సియాద్ బర్రె ప్రభుత్వము కూలినది మొదలు ఆ రేవు ఒక్కవంశము చేతిలో నిలువలేదు. ఒగాడెనులు, మరెహానులు, మజెర్తీనులు ముగ్గురును డారోదు అను ఒకే మహావంశపు శాఖలు. తాతల పేర్లు వెనుకకు లెక్కించుకొని పోయినచో ఒక్క తాతవద్దకే చేరుదురు. అయినను రేవు సుంకము కొరకు, దాని మీదుగా పోవు బొగ్గు ఎగుమతి కొరకు వారు ఒకరినొకరు నరుకుకొనిరి. 2006లో ఇస్లామిక న్యాయసభల కూటమి, 2008లో అల్ షబాబు దళములు ఆ పట్టణమును పట్టినవి. 2012లో అహమ్మదు మదోబె దళములతో కలసి కెన్యా సైన్యము వచ్చి వారిని తరిమినది. 2013 మే నెలలో మదోబె అధ్యక్షుడుగా ఎన్నుకొనబడగా, మరెహాను నాయకుడు బర్రె హిరాలె తానును అధ్యక్షుడనే ప్రకటించుకొనెను; జూన్‌లో వీథులలో కాల్పులు. ఆగస్టులో అడిస్ అబాబాలో కుదిరిన ఒడంబడికలో రేవును గూర్చి ప్రత్యేకముగా ఒక షరతు! కట్టెబొగ్గు ఎగుమతిని ఐక్యరాజ్యసమితి 2012 ఫిబ్రవరిలోనే నిషేధించినను, కెన్యా సైన్యము వచ్చిన పిమ్మటగూడ ఆ ఎగుమతి ఆగలేదని సమితి పరిశీలకులే వ్రాసిరి.

ఒక్క భేదమున్నది. కిస్మాయో వంశములకు రేవు విలువ బాగుగ తెలియును, అందుకొరకే పోరాడిరి. మనవారికి తెలియదు, మరియొకదానికొరకు పోరాడి దానిని పోగొట్టుకొనిరి. తెలిసి పోరాడినవారి యింటను, తెలియక పోరాడినవారి యింటను పొరుగు సైన్యమే విడిది చేయుట మాత్రము సమానము.

దీనికి ఆక్షేపణ చేయువారు కొందరు కలరు. ఆనాడు దేశమన్న భావమే లేదు, పరదేశి యన్న మాటకు ఈనాటి యర్థమే లేదు. నైజాము పరాయివాడే, మరాటాయు పరాయివాడే, పరాసు ఒకడు ఎక్కువైన నేమి, 1757 మనుష్యులను 1942 కొలకఱ్ఱతో కొలువదగునా యని. ఈ మాటలో నిజమున్నది. పూసపాటివారిని, రావువారిని దేశద్రోహులని తిట్టుటకు మేము కలము పట్టలేదు. కాని పరదేశి యన నేమో తెలియకున్నను, పిలిచినవాడు తిరిగిపోవునా యన్నది తెలియదగిన విషయమే గదా. జాఫరలీఖాను పిలిచిన మరాటాలు చేసిన లూటీని కన్నులార చూచినవారే నాలుగేండ్లలోపల పరాసులను పిలిచిరి; బొబ్బిలి బూడిద చల్లారకముందే ఇంగ్లీషువారిని పిలిచిరి. ఇది చరిత్రజ్ఞానము లేకపోవుట కాదు. ఎదుటి వంశముమీది పగ కన్ను మూయగా నిన్నటి సంగతి నేడు కనబడకపోవుట.

ఇంకొక మాట. ఈ కథలో రైతెక్కడ? నేతగాడెక్కడ? గాథలో బంట్లున్నారు, దొరసానులున్నారు, ఏనుగులున్నవి. ఏ వాగునీటికొరకు వైరము పుట్టినదో ఆ నీటితో మడి తడుపుకొన్నవాడు లేడు. విజయనగరపు రైతుకు నీరు వచ్చినదా యని ఏ గ్రంథకర్తయు వ్రాయలేదు. నెలకు 50,000 రూపాయలు రాజు ఖజానాలో ఆకాశమునుండి పడలేదు. అది కళ్లములమీద కొలిచిన ధాన్యమే.

వంశములు మాత్రము చాలకాలము బ్రదికినవి. 1932లో బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారు జస్టిసు పక్షమున మదరాసు రాజధానికి ప్రధానమంత్రియైరి. 1937 ఎన్నికలలో ఆయనను బొబ్బిలిలోనే ఓడించినవారు వరాహగిరి వేంకటగిరిగారు. రైల్వే కార్మికుల నాయకుడు. బుస్సీ ఫిరంగులు కూల్చినది గోడలనే గాని కోటను కాదు; ఆ పని వోటుపెట్టె చేసినదని ఆనాడు కాంగ్రెసువారు ఉప్పొంగిరన్న ఆశ్చర్యము లేదు. 1948 చట్టముతో జమీందారీలే పోయినవి. 1966లో ఉక్కు కర్మాగారము కొరకు విశాఖపట్టణమున రేగిన ఉద్యమమున ప్రాణములిచ్చినవారి వంశములేవో ఎవరును అడుగలేదు. 2024 శాసనసభ ఎన్నికలలో విజయనగరమునుండి పూసపాటి వంశీయురాలును, బొబ్బిలినుండి రావు వంశీయుడును ఒకే పక్షమున నిలిచి గెలిచిరి. నీటితగవు తీరుటకు 267 ఏండ్లు పట్టినదని ఒక ముదుసలి పాత్రికేయ మిత్రుడు మాతో నవ్వుచు అనెను.

ఆ నవ్వులో పాలుపంచుకొని మేము కోటవీథివైపు నడచితిమి. కోటగోడ యుండిన చోటు ఏదో చూపగలవారు కనబడలేదు. రేవులోనికి వచ్చుచున్న ఓడకూత వినబడెను. పాతయూరి పిల్లలు ఒక అరుగుమీద కూర్చుండి, కఱ్ఱలను కత్తులుగా పట్టుకొని, నీవు పాపారాయుడవా నేను పాపారాయుడనా యని తగవులాడుకొనుచుండిరి. విజయరామరాజుగా నుండుటకు ఎవరును ఒప్పుకొనుటలేదు. ఫోర్డు పేరు వారికి తెలియదు.